పాఠం 7: సినిమా శబ్దం - ఎడిటింగ్, మిక్సింగ్

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 తెలుగు సినిమాలో శబ్దం: నేపథ్యం
7.3 శబ్దం ఎడిటింగ్
 7.3.1 సంభాషణల ఎడిటింగ్
 7.3.2 డబ్బింగ్
 7.3.3 ఆంబియన్స్, ఎఫెక్ట్స్, ఫోలీ
7.4 మిక్సింగ్
 7.4.1 స్థాయి, పౌనఃపున్యం
 7.4.2 కంప్రెషన్, రెవర్బ్
 7.4.3 మాటకూ సంగీతానికీ పోటీ
 7.4.4 స్టెమ్‌లు
7.5 థియేటరులో శబ్దం
7.6 సారాంశం
7.7 ముఖ్య పదాలు
7.8 సమాధానాలు
7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చిత్రీకరణ ముగిశాక శబ్దం ఏయే దశలు దాటి థియేటరుకు చేరుతుందో వివరించగలుగుతారు.
• సింక్ సౌండ్‌కు, డబ్బింగ్‌కు గల తేడాను, రెండింటి లాభనష్టాలను చెప్పగలుగుతారు.
• ఒక మాట స్పష్టంగా వినిపించడానికి మిక్సింగ్‌లో వాడే పద్ధతులను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• మీరు చూసే సినిమాలో శబ్దానికి సంబంధించిన నిర్ణయాలను గుర్తించి విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

సినిమాలో శబ్దం బొమ్మతో పాటు దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెర మీద మనం చూసేదాన్ని ఒక కెమెరా తీస్తే, మనం వినేదాన్ని పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందల సంఖ్యలో ఉన్న ట్రాకుల నుంచి కూర్చుతారు. ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న దృశ్యాన్ని ఊహించుకుందాం. పాఠమంతా దీన్నే ఉదాహరణగా వాడుకుందాం.

చోడవరం దగ్గర ఒక పల్లె. చెరకు తోట పక్కన బెల్లం వండుతున్నారు. గానుగ ఇంజను ఆడుతోంది. పెనంలో రసం మరుగుతోంది. పొయ్యిలో పిప్పి వేస్తున్న తల్లి దగ్గరికి కాలేజీలో చదివే కూతురు వస్తుంది. చదువు ఆగిపోతుందేమోనని ఆ పిల్ల వారం రోజులుగా దిగులు పడుతోంది. తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని ఇలా అంటుంది: “ఫీజు కట్టీసేనే గుంటా. ఇంక సదువుకో.”

కథకు మలుపు ఈ రెండు వాక్యాలే. ప్రేక్షకుడికి ఇవి వినిపించకపోతే ముందు వెనుకల కథంతా వృథా.

ఇప్పుడు సమస్య చూడండి. ఆ గానుగ పక్కన మీరే నిలబడి ఉంటే, ఇంజను ఎంత మోత చేస్తున్నా తల్లి మాట మీకు అందుతుంది. రెండు చెవులు దిక్కును పసిగడతాయి. మనసు కావలసిన దాన్ని పట్టుకుని మిగిలిన దాన్ని పక్కకు నెడుతుంది. మైకుకు ఆ మనసు లేదు. దానికి ఇంజనూ, తల్లీ సమానమే. ఏది గట్టిగా ఉంటే దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. మన చెవి, మనసు కలిసి చేసే ఈ ఎంపికను సినిమాలో మనుషులు చేయాలి. ఏది వినిపించాలి, దానికోసం ఏది తగ్గాలి అని నిర్ణయించడమే శబ్దం ఎడిటింగ్, మిక్సింగ్‌లకు మూలసూత్రం. కింది విభాగాలన్నీ ఈ సూత్రానికి వివరణలే.

7.2 తెలుగు సినిమాలో శబ్దం: నేపథ్యం

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో తయారైన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. అది తొలి పూర్తి తెలుగు టాకీ. ఆ తొలి రోజుల్లో నటులు కెమెరా ముందే మాట్లాడి, ముందే పాడేవారు. వాద్యకారులు కెమెరాకు కనబడకుండా కూర్చుని వాయించేవారు. తరువాత సరిచేసుకునే వీలు చాలా తక్కువ కాబట్టి, మిక్సింగ్ దాదాపుగా సెట్‌లోనే జరిగిపోయేదని చెప్పవచ్చు. ఎవరు మైకుకు దగ్గరగా ఉండాలో, ఎవరు దూరంగా ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి.

1930ల మధ్యలో భారతీయ సినిమాలోకి ప్లేబ్యాక్ పద్ధతి వచ్చింది. పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో వినిపిస్తే నటులు పెదవులు కదుపుతారు. గొంతును, మొహాన్ని వేరు చేయవచ్చని తేలింది. 1950లో శ్రీశ్రీ మాటలు, పాటలు రాసిన ‘ఆహుతి’ హిందీ చిత్రం నుంచి తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చింది. పరభాషా చిత్రాలను తెలుగులోకి అనువదించే పద్ధతి దానితో మొదలైంది.

1960ల తరువాత చిత్రీకరణ స్టూడియోలు దాటి బయటకు వెళ్లింది. ఆరిఫ్లెక్స్ 2సి వంటి తేలికపాటి కెమెరాలు అందుకు వీలు కల్పించాయి కానీ అవి నడుస్తున్నప్పుడు బాగా మోత చేసేవి. అందువల్ల లొకేషనులో తీసుకున్న శబ్దాన్ని కేవలం గుర్తు కోసం ఉంచుకుని, మాటలన్నీ తరువాత స్టూడియోలో చెప్పించడం అలవాటైంది. సాంకేతిక ఇబ్బంది వల్ల వచ్చిన ఈ అలవాటు, మోత లేని డిజిటల్ కెమెరాలు వచ్చాక కూడా కొనసాగింది. పరభాషా నటులు తెలుగు పాత్రలు వేయడానికి, చిత్రీకరణ వేగంగా సాగడానికి అది ఉపయోగపడుతోంది.

ఇటీవలి కాలంలో కొందరు దర్శకులు మళ్లీ లొకేషను శబ్దం వైపు మొగ్గారు. తరుణ్ భాస్కర్ ‘పెళ్లి చూపులు’ (2016), వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) సింక్ సౌండ్‌తో తీసిన చిత్రాలు. రెండో చిత్రం మన పాఠానికి ముఖ్యమైనది. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే దాన్ని తీశారు. నటుల్లో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడని స్థానికులు. అటువంటి వారిని నెలల తరువాత చీకటి గదిలో నిలబెట్టి, తెర మీది పెదవులకు సరిపోయేలా అదే మాటను అదే భావంతో మళ్లీ చెప్పమంటే ఎంత కష్టమో ఆలోచించండి. డబ్బింగ్ ఒక ప్రత్యేక విద్య. అది రాని మనుషుల సహజమైన మాటతీరు తెర మీదికి రావాలంటే, వారు మాట్లాడిన క్షణంలోనే పట్టుకోవడం మేలైన దారి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. తెలుగు సినిమాలో మాటలను తరువాత చెప్పించే అలవాటుకు కెమెరాలు ఎలా కారణమయ్యాయి?
2. స్థానికులు నటించిన చిత్రానికి సింక్ సౌండ్ ఎందుకు అనుకూలం?

7.3 శబ్దం ఎడిటింగ్

దృశ్యాల కూర్పు ఖరారైన తరువాత, అంటే ఏ షాటు ఎంత పొడవుండాలో తేలిన తరువాత శబ్దం ఎడిటింగ్ పూర్తిస్థాయిలో మొదలవుతుంది. ఈ దశలో శబ్దాలను మూడు వర్గాలుగా విడదీస్తారు: సంభాషణలు, సంగీతం, ఎఫెక్ట్స్. ఒక్కొక్క వర్గాన్ని వేరువేరు ట్రాకులపై పేరుస్తారు.

7.3.1 సంభాషణల ఎడిటింగ్

మన దృశ్యాన్ని నాలుగు టేకులు తీశారనుకోండి. మూడో టేకులో తల్లి మొహం బాగుంది, కానీ అప్పుడే రోడ్డు మీద లారీ హారను కొట్టింది. రెండో టేకులో మాట శుభ్రంగా ఉంది. సంభాషణల ఎడిటరు మూడో టేకు బొమ్మ కింద రెండో టేకు మాటను పెడతాడు. పెదవులకు సరిపోయేలా అక్షరం అక్షరం జరుపుతాడు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. ఒకటి రెండు ఫ్రేముల తేడాను కూడా అనుభవజ్ఞులు పసిగడతారు. మాట పెదవుల కన్నా వెనకబడితే మనం కొంత సహిస్తాం కానీ ముందు వస్తే వెంటనే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. ప్రకృతిలో శబ్దం వెలుగు కన్నా ముందు రాదు కదా.

తెలుగు మాటలను కోసేటప్పుడు మన భాషా లక్షణాలను గుర్తుంచుకోవాలి. ‘అటు’, ‘అట్టు’ అనే మాటలను పైకి చెప్పి చూడండి. ద్విత్వాక్షరం దగ్గర నాలుక అంగిలిని తాకి కొద్దిసేపు ఎక్కువ ఆగుతుంది. ఆ ఆగడంలో శబ్దం ఉండదు. కంప్యూటరు తెర మీద అది ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కదా అని ఆ ముక్కను కత్తిరిస్తే ‘అట్టు’ కాస్తా ‘అటు’ అవుతుంది. మన తల్లి మాటలోని ‘కట్టీసేనే’ కూడా అలాగే దెబ్బతింటుంది. ‘పలు’, ‘పాలు’ అన్నప్పుడు అచ్చు పొడవు మారితే అర్థమే మారుతుంది. అందువల్ల పెదవులతో సరిపోల్చడానికి మాటను సాగదీసేటప్పుడు, కుదించేటప్పుడు ఏ అక్షరం దగ్గర ఆ పని చేస్తున్నామో చూసుకోవాలి.

రెండు టేకుల ముక్కలను అతికినప్పుడు వెనుక మోత మారితే అతుకు బయటపడుతుంది. దీన్ని కప్పడానికి, ఎవరూ మాట్లాడకుండా ఆ స్థలంలో అర నిమిషమో నిమిషమో రికార్డు చేసుకున్న ‘రూమ్ టోన్’ ఉపయోగపడుతుంది. ప్రతి స్థలానికీ దానిదైన నిశ్శబ్దం ఉంటుంది. చెరకు తోట నిశ్శబ్దం, తరగతి గది నిశ్శబ్దం ఒకటి కావు.

మాటకు ముందు తల్లి పీల్చిన ఊపిరిని ఏం చేయాలి? ‘శుభ్రం’ చేయాలనే ఉత్సాహంలో కొత్తవారు ఊపిరులన్నీ తీసేస్తారు. ఈ దృశ్యంలో ఆ ఊపిరిలోనే ఆమె అలసట, గండం గడిచిందన్న నెమ్మది ఉన్నాయి. దాన్ని ఉంచాలి. ఏది మోత, ఏది నటన అన్న విచక్షణ ఎడిటరుకు మొదటి అర్హత.

7.3.2 డబ్బింగ్

ఇంజను మోతలో నాలుగు టేకులూ పాడైతే డబ్బింగ్ తప్పదు. నటి స్టూడియోలో తెర చూస్తూ, లొకేషనులో తాను అన్న మాటను హెడ్‌ఫోనులో వింటూ మళ్లీ చెబుతుంది. కొన్నిసార్లు వేరే కళాకారులు గొంతు ఇస్తారు. తెలుగులో కమల్‌హాసన్ పాత్రలకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇచ్చిన గొంతు ప్రేక్షకులు ఆ నటుడిదే అనుకునేంతగా అతికిపోయింది. డబ్బింగ్ నాసిరకం పద్ధతి అనుకోవడం సరికాదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఒక ప్రమాదాన్ని గమనించండి. గొంతు ఇచ్చేవారికి ఉత్తరాంధ్ర యాస రాకపోతే ఆ వాక్యం “ఫీజు కట్టేశానమ్మా. ఇక చదువుకో” అని మారిపోతుంది. అర్థం చెడలేదు. కానీ మూడు నష్టాలు జరిగాయి. మొదటిది, పెదవులు కలవవు. ‘సేనే’ అన్నప్పుడు నోరు పక్కలకు విచ్చుకుంటుంది, ‘శాన’ అన్నప్పుడు కిందికి తెరుచుకుంటుంది. ‘అమ్మా’లోని ‘మ్మ’కు పెదవులు మూతపడాలి. ‘గుంటా’లో అలా మూతపడవు. రెండోది, ‘గుంటా’ అన్న పిలుపులోని చనువు పోయింది. మూడోది, ఆ తల్లి ఏ ఊరిదో చెప్పే ఆనవాలు పోయింది. ఒక ప్రాంతం బొమ్మను చూపిస్తూ దాని గొంతును తీసేయడం సాంకేతిక లోపమే కాదు, ఆ ప్రాంతపు మనుషులు తమను తాము తెర మీద గుర్తుపట్టలేని స్థితి కూడా. పల్లె పాత్రలు నవ్వించడానికి మాత్రమే యాస మాట్లాడి, గంభీరమైన చోట గ్రాంథికానికి దగ్గరైన భాషలోకి మారిపోయే చిత్రాలు మీరు చూసే ఉంటారు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో వెతికితే తరచుగా రచనలోనో, డబ్బింగ్ గదిలోనో దొరుకుతుంది.

7.3.3 ఆంబియన్స్, ఎఫెక్ట్స్, ఫోలీ

దృశ్యానికి చోటును ఇచ్చే వెనుక శబ్దాలను ఆంబియన్స్ అంటారు: చెరకు ఆకుల గలగల, దూరంగా పక్షులు, రోడ్డు. నిర్దిష్టమైన పనికి చెందినవి ఎఫెక్ట్స్: ఇంజను, రసం మరిగే చప్పుడు, పొయ్యిలో మంట. ఇంజనును విడిగా, మాటలు లేకుండా రికార్డు చేసి తెచ్చుకోవాలి. అప్పుడే దాన్ని ఇష్టమైనంత పెంచవచ్చు, తగ్గించవచ్చు.

మనుషుల కదలికలకు చెందిన చిన్న శబ్దాలను స్టూడియోలో తెర చూస్తూ చేయడాన్ని ఫోలీ అంటారు. అమెరికాలో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీదుగా ఈ పదం వచ్చింది. తల్లి కొంగు రాపిడి, కూతురి చెప్పుల చప్పుడు, ఎండిన పిప్పి నలిగే శబ్దం ఫోలీ కళాకారులు సృష్టిస్తారు. చీర రాపిడికి చీరే వాడాలన్న నియమం లేదు. చెవికి చీరలా వినిపిస్తే చాలు.

7.4 మిక్సింగ్

ఇలా సిద్ధమైన ట్రాకులను ఒక్కటిగా కలపడం మిక్సింగ్. ముందు ఒక్కొక్క వర్గాన్ని విడిగా సరిచేస్తారు. దీన్ని ప్రీ-మిక్స్ అంటారు. ఆ తరువాత మూడింటినీ కలిపి ఫైనల్ మిక్స్ చేస్తారు. థియేటరును పోలిన పెద్ద గదిలో, పెద్ద తెర ముందు ఈ పని జరుగుతుంది.

7.4.1 స్థాయి, పౌనఃపున్యం

శబ్దస్థాయిని డెసిబెల్‌లలో కొలుస్తారు. ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే మాట స్థాయి సుమారు 6 డెసిబెల్‌లు పడిపోతుంది. తల్లి నోటికి అర మీటరు దూరంలో ఉన్న మైకును ఒక మీటరుకు జరిపితే మాట 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. దూరంగా ఉన్న ఇంజను మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. తరువాత మాటను 6 డెసిబెల్‌లు పెంచితే ఇంజను కూడా అంతే పెరుగుతుంది. లొకేషనులో మైకు పెట్టేచోటు మిక్సింగ్ గది దాకా వెంటాడుతుందని దీని భావం.

పెంచి లాభం లేనప్పుడు వేరు చేయాలి. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఇంజను శక్తి ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. మాటను అర్థం చేయించే హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 - 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఈక్వలైజరు సాయంతో మాట ట్రాకులో 80 లేదా 100 హెర్ట్జ్ కిందిభాగాన్ని తీసేస్తే మాట చెడకుండా గుర్రుమనే మోత కొంత పోతుంది. అలాగే విడిగా రికార్డు చేసిన ఇంజను ట్రాకులో 2,000 - 4,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా తగ్గిస్తే, ఇంజను తగ్గినట్టు తెలియకుండానే మాటకు చోటు దొరుకుతుంది. ‘ఫీజు’లోని ‘ఫ’ కేవలం గాలి శబ్దం, చాలా బలహీనమైనది. ఈ చోటు ఇవ్వకపోతే ప్రేక్షకుడికి ‘ఈజు’ అని వినిపిస్తుంది.

మోతను తొలగించే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. వాటిని మితిమీరి వాడితే మాట నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కొద్దిగా మోత మిగిలినా సహజమైన గొంతు మేలు.

7.4.2 కంప్రెషన్, రెవర్బ్

తల్లి మొదటి వాక్యం గట్టిగా, రెండోది గొంతు బొంగురుపోయి మెల్లగా అందనుకోండి. రెంటి మధ్య తేడాను తగ్గించడానికి కంప్రెషన్ వాడతారు. 3:1 నిష్పత్తి పెడితే, నిర్ణయించిన హద్దును 6 డెసిబెల్‌లు దాటిన శబ్దం 2 డెసిబెల్‌లే దాటుతుంది. ఇలా పెద్ద శబ్దాలను అణచి, మొత్తం స్థాయిని పెంచితే మెల్లగా అన్న మాటలు పైకి వస్తాయి. అతిగా చేస్తే గుసగుసకూ అరుపుకూ తేడా పోయి నటన చదునవుతుంది.

డబ్బింగ్ గదిలో చెప్పిన మాటకు ఏ చోటూ ఉండదు. గుడి మండపంలో అన్న మాట అయితే ప్రతిధ్వనుల మూట అయిన రెవర్బ్ ఎక్కువ చేర్చాలి. గానుగ దగ్గర గోడలు లేవు కాబట్టి దాదాపు అక్కరలేదు. ఆరుబయట దృశ్యంలో మాటలు గదిలో అన్నట్టు వినిపిస్తే, ఈ సర్దుబాటు సరిగా జరగలేదని గుర్తించవచ్చు.

7.4.3 మాటకూ సంగీతానికీ పోటీ

ఇక సంగీతం. దర్శకుడు ఈ మలుపు దగ్గర వయొలిన్లు మోగించాలనుకున్నాడు. వయొలిన్ల శక్తిలో కొంత మాట స్పష్టత ఉన్న ప్రాంతంలోనే పడుతుంది. ఒక శబ్దం మరో శబ్దాన్ని ఇలా కప్పేయడాన్ని మాస్కింగ్ అంటారు. దీనికి మూడు దారులు ఉన్నాయి: మాట వచ్చినప్పుడు సంగీతాన్ని కొన్ని డెసిబెల్‌లు తగ్గించడం, సంగీతాన్ని మాట అయిపోయాక మొదలుపెట్టడం, అసలు సంగీతం వద్దనుకోవడం.

నాలుగో దారి కూడా ఉంది. తల్లి నోరు తెరవడానికి కొన్ని సెకన్ల ముందు నుంచి ఇంజనును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు. కూతురు తల్లి మొహం మీదే దృష్టి పెట్టింది కాబట్టి ఆమె చెవికి ఇంజను వెనక్కి వెళ్లడం సహజమే. ప్రేక్షకుడూ ఆ పిల్ల చెవితో వింటాడు. మాట ముగిసిన ఒక క్షణం తరువాత ఇంజను మళ్లీ పైకి వస్తే, పని ఆగలేదని, బతుకు అలాగే సాగుతోందని ఏ డైలాగూ లేకుండా తెలుస్తుంది. మిక్సింగ్ కథ చెప్పడమెలాగో ఇక్కడ గమనించండి. కలిపినది ఏమీ లేదు, తగ్గించినది మాత్రమే ఉంది.

7.4.4 స్టెమ్‌లు

ఫైనల్ మిక్స్‌తో పాటు సంభాషణలు, సంగీతం, ఎఫెక్ట్స్ విడివిడిగా భద్రపరుస్తారు. వీటిని స్టెమ్‌లు అంటారు. తెలుగు, తమిళాల్లో తీసిన ‘బాహుబలి: ది బిగినింగ్’ (2015)ను హిందీ, మలయాళాల్లోకి డబ్బింగ్ చేసినట్టు, ఒక చిత్రం వేరే భాషలోకి వెళ్లాలంటే మాటలు మాత్రమే తీసి కొత్తవి పెట్టాలి. సింక్ సౌండ్ చిత్రాల్లో కొంగు రాపిడి, పొయ్యి చప్పుడు మాటతో కలిసే రికార్డు అవుతాయి. మాట తీసేస్తే అవీ పోతాయి. అందువల్ల లొకేషను శబ్దం ఎంత బాగున్నా ఫోలీ పని చేసి ఉంచుకోవడం మంచిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. రికార్డు చేసిన మాటను పెంచితే సమస్య ఎందుకు తీరదు?
4. మాస్కింగ్ అంటే ఏమిటి?
5. సింక్ సౌండ్ చిత్రానికి కూడా ఫోలీ ఎందుకు అవసరం?

7.5 థియేటరులో శబ్దం

5.1 పద్ధతిలో తెర వెనుక ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు, హాలులో ఎడమ, కుడి సరౌండ్ స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక ప్రత్యేక చానల్ ఉంటాయి. తెరకు కంటికి కనబడనంత చిన్న రంధ్రాలు ఉంటాయి కాబట్టి శబ్దం బయటకు వస్తుంది. సంభాషణలను సాధారణంగా మధ్య స్పీకరుకు ఇస్తారు. ఏ మూల కూర్చున్నవారికైనా మాట తెర నుంచే వస్తున్నట్టు ఉండడానికి ఇది అవసరం. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు స్పీకర్లను కూడా చేర్చి, శబ్దాన్ని హాలులో కావలసిన చోట నిలిపే వీలు కల్పించింది.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒక ఫ్రేము కాలంలో అది 14 మీటర్లు దాటుతుంది. తెరకు 28 మీటర్ల దూరంలో వెనుక వరుసలో కూర్చున్నవారికి మాట రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. సింక్ విషయంలో స్టూడియోలో అంత పట్టుదల ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడే రెండు ఫ్రేములు జారితే వెనుక వరుసకు అది నాలుగవుతుంది.

మిక్సింగ్ గదిలో తెర వెనుక ఒక్కొక్క స్పీకరు స్థాయిని పరీక్షా శబ్దంతో 85 డెసిబెల్‌లకు సరిచేసుకుని పనిచేస్తారు. థియేటరు డాల్బీ ప్రాసెసరులో దీనికి సమానమైన గుర్తు 7. అక్కడే నడిపితే మిక్సింగ్ చేసినవారు విన్నదే ప్రేక్షకుడూ వింటాడు. కానీ పాటలు, పోరాటాలు మరీ గట్టిగా ఉన్నాయని ప్రేక్షకులు గొడవ చేస్తే ఆపరేటరు మొత్తం స్థాయి తగ్గిస్తాడు. దానితో మాటలూ తగ్గుతాయి. తమ చిత్రం తగ్గి వినిపిస్తుందన్న భయంతో తరువాతి చిత్రం వారు ఇంకా గట్టిగా మిక్స్ చేస్తారు. ఆపరేటరు ఇంకా తగ్గిస్తాడు. ఈ పోటీలో నష్టపోయేది పాటా కాదు, పోరాటమూ కాదు. ప్రతిధ్వనించే గోడలు, తిరిగే ఫ్యాన్లు ఉన్న హాలులో వెనుక కూర్చుని, మెల్లగా అన్న ఆ “సదువుకో” వినబడక పక్కవారిని “ఏటన్నాది?” అని అడిగే మనిషి నష్టపోతాడు.

ఈ కారణంగా మంచి మిక్సింగ్ ఇంజనీరు తన పనిని పెద్ద స్పీకర్లపైనే కాక, సాధారణ టీవీలో, ఫోనులో కూడా వింటాడు. ఫోను స్పీకర్లు లోతైన శబ్దాలను దాదాపుగా పలికించలేవు. అక్కడ కూడా మాట నిలబడితే పని నెగ్గినట్టు.

అభ్యాసం: మీ ఇంటి దగ్గర మోటారో, మిక్సీయో నడుస్తుండగా ఒకరి చేత ఒక వాక్యం చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఫోనును ముందు ఒక జానెడు దూరంలో, తరువాత రెండు జానల దూరంలో, తరువాత నాలుగు జానల దూరంలో ఉంచండి. మూడింటినీ విని, ఏ అక్షరాలు ముందుగా మాయమవుతున్నాయో రాసుకోండి. మీ కౌన్సెలింగ్ తరగతిలో మిత్రుల జాబితాలతో పోల్చి చూడండి.

7.6 సారాంశం

మైకు అన్నింటినీ ఒకే తీరుగా వింటుంది. మనిషి ఎంచుకుని వింటాడు. చిత్రీకరణ తరువాత శబ్దం మీద జరిగే పని ఆ ఎంపికను తిరిగి తెస్తుంది. ఎడిటింగ్‌లో సంభాషణలు, సంగీతం, ఎఫెక్ట్స్ విడదీసి, శుభ్రపరచి, బొమ్మతో కలుపుతారు. సింక్ సౌండ్ మనిషి సహజమైన గొంతును, యాసను కాపాడుతుంది. డబ్బింగ్ లొకేషను ఇబ్బందుల నుంచి గట్టెక్కిస్తుంది కానీ యాస మీద శ్రద్ధ కోరుతుంది. మిక్సింగ్‌లో స్థాయి, పౌనఃపున్యం, కంప్రెషన్, రెవర్బ్ ద్వారా ముఖ్యమైన దానికి చోటు కల్పిస్తారు. థియేటరులో సరైన స్థాయిలో నడిపినప్పుడే ఈ శ్రమ ప్రేక్షకుడికి చేరుతుంది.

7.7 ముఖ్య పదాలు

సింక్ సౌండ్: చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేసి చిత్రంలో వాడే శబ్దం.
రూమ్ టోన్: ఎవరూ మాట్లాడనప్పుడు ఒక స్థలంలో ఉండే సహజ శబ్దం.
ఫోలీ: మనుషుల కదలికల శబ్దాలను తెర చూస్తూ స్టూడియోలో సృష్టించడం.
మాస్కింగ్: ఒక శబ్దం మరొకదాన్ని వినబడకుండా కప్పివేయడం.
స్టెమ్: ఫైనల్ మిక్స్ తరువాత విడిగా భద్రపరిచే ఒక వర్గపు శబ్దం.

7.8 సమాధానాలు

1. ఆరుబయట వాడిన తేలికపాటి కెమెరాల మోత వల్ల లొకేషను శబ్దం పనికిరాకపోయేది.
2. డబ్బింగ్ అనుభవం లేనివారు అదే భావంతో మళ్లీ చెప్పడం కష్టం కాబట్టి.
3. మాటతో పాటు రికార్డయిన మోత కూడా అంతే పెరుగుతుంది.
4. 7.7 చూడండి.
5. వేరే భాషలోకి డబ్బింగ్ చేసేటప్పుడు మాటతో పాటు చిన్న శబ్దాలూ పోతాయి కాబట్టి.

7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శబ్దం ఎడిటింగ్‌లోని దశలను ఉదాహరణలతో వివరించండి.
2. “మిక్సింగ్ అంటే ఏది తగ్గించాలో తెలియడం.” చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు భాషా లక్షణాలు సంభాషణల ఎడిటింగ్‌ను ఎలా ప్రభావితం చేస్తాయి?
2. డబ్బింగ్‌లో ప్రాంతీయ యాస కోల్పోతే కలిగే నష్టాలు ఏవి?
3. మీరు ఇటీవల చూసిన ఒక తెలుగు చిత్రంలో మాట స్పష్టంగా వినబడని ఒక సన్నివేశాన్ని తీసుకుని, కారణాలను విశ్లేషించండి.